చెరిపినా పోని చెత్త

మాఘమాసం. రాత్రి పదకొండయింది. తెల్లవారుజామున ముహూర్తం. పెళ్ళికూతుర్ని చేసిన ఫోటోలన్నీ కెమెరా కార్డుల్లో ఉన్నాయి. వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసుకుని పెళ్ళిపందిట్లోకి వెళ్ళాలి. డిస్కు తగిలిస్తే చోటు చాలదంది. పోయిన వైశాఖంలో ఆల్బమ్ ఇచ్చేసిన పెళ్ళి ఫోల్డర్ ఒకటుంటే తీసేశారు. అయినా చోటు రాలేదు. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యబోతే సగంలో ఆగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అక్కడే ఆగింది.

ఆ నిమిషంలో మీ వేలు ఎటు పోతుంది? ‘ఫార్మాట్’ అన్న మాట మీదికేనా?

ఆ వేలు అక్కడే ఆపండి. ఈ అధ్యాయం రాసింది అందుకే.

పాతపట్నంలో స్టూడియో నడుపుకునే తమ్ముడు ఒకడు సరిగ్గా ఇలాంటి రాత్రే నాకు ఫోన్ చేశాడు. “అన్నియ్యా, డిస్కు నిండిపోనాది. తీసీసినవి పోవట్లేదు. ఫార్మాట్ కొట్టీమంతావేటి?” అన్నాడు. “ఉండరా, ముందు అది ఏమంటోందో చదివి చెప్పు” అన్నాను. చదవలేదు. మెసేజీ వచ్చిన ప్రతిసారీ ఓకే నొక్కి మూసేశాడు. మనలో చాలామందిమి అలాగే చేస్తాం. చదివించాక అసలు సంగతి తేలింది. అతను తీసేసిన ఫోల్డర్లోని వీడియో ఒకటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా తెరిచి ఉంది. దాన్ని మూయగానే బిన్ ఖాళీ అయింది. అంతా కలిపి నాలుగు నిమిషాల పని.

నేను ఇంత నిదానంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట నేనూ ఇదే చోట ఇరుక్కున్నాను. చిరాకొచ్చి ఫార్మాట్ కొట్టేశాను. మొండిగా కూర్చున్న చెత్త పోయింది. దాంతోపాటు మా మేనకోడలి అన్నప్రాసన ఫోటోలూ పోయాయి. వాటికి ఇంకో కాపీ ఉందనుకున్నాను, లేదు. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే: డిస్కు ఒక ఫైలును వదలనంటే దాని వెనక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం పట్టుకుంటే చేతితో తీసేసినంత తేలిగ్గా పోతుంది. కారణం వెతక్కుండా బలం ఉపయోగిస్తే పోకూడనివి పోతాయి.

అసలు ఈ చెత్త ఎక్కడుంటుంది?

సిద్ధాంతాల జోలికి పోను. రెండు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది. ఎక్స్‌టర్నల్ డిస్కులో మీరు డిలీట్ చేసినవి మీ కంప్యూటర్లోకి రావు, ఆ డిస్కులోనే దాక్కుంటాయి. విండోస్ అయితే డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘రీసైకిల్ బిన్’ అనే దాపరికపు ఫోల్డర్లో వేస్తుంది. మ్యాక్ అయితే చుక్కతో మొదలయ్యే ‘ట్రాషెస్’ అనే ఫోల్డర్లో వేస్తుంది. లినక్స్‌కి దాని ట్రాష్ ఫోల్డర్ దానికుంది. ఒకరు వేసిన చెత్త ఇంకొకరి బుట్టలో కనబడదు.

పాతపట్నం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రైలెక్కితే తర్వాతి స్టేషను పర్లాకిమిడి, అంటే ఒడిశా. బజారు చేసుకోవడానికి అటూ ఇటూ తిరుగుతాం, పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ కలుపుకుంటాం. కానీ ఇక్కడి భూమి కాగితం మీద అక్కడి తహసీల్దారు సంతకం పెట్టడు. డిస్కు కూడా మనలాగే సరిహద్దు దాటుతుంది. పాతపట్నంలో విండోస్ మీద ఫోటోలు ఎక్కించుకుని, పర్లాకిమిడిలో ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ళ మ్యాక్‌కి తగులుకుని, తిరిగి మీ దగ్గరికి వస్తుంది. అక్కడ వేసిన చెత్త ఇక్కడి బుట్టలో కనబడకుండానే చోటు తినేస్తుంది. పైకి రీసైకిల్ బిన్ ఖాళీగా ఉంటుంది, డిస్కు మాత్రం నిండుగా ఉంటుంది.

రెండోది. డిస్కు ఫార్మాట్ అంటే రైలు పట్టాల వెడల్పు లాంటిది. మన లైను సంగతే చూడండి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసినవి రెండున్నర అడుగుల చిన్న పట్టాలు. మెయిన్ లైనువి పెద్ద పట్టాలు. అందుకే మనిషైనా మూటైనా నౌపడలో దిగి బండి మారాల్సి వచ్చేది. 2004లో చిన్న రైలు ఆపేసి పట్టాలు మార్చాక, 2010లో పెద్ద రైలు మన ఊరు దాటి పర్లాకిమిడి దాకా వచ్చింది. డిస్కుల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్ పట్టా. మ్యాక్ దాని మీది ఫైళ్ళు చదువుతుంది గానీ, మామూలుగా అందులో ఏదీ రాయలేదు, చెరపలేదు. ఏపీఎఫ్‌ఎస్ మ్యాక్ పట్టా, దాన్ని విండోస్ సొంతంగా చదవలేదు. ఎక్స్‌ఫ్యాట్ మీద రెండూ నడుస్తాయి.

మీ డిస్కు ఏ పట్టా మీదుందో ఇప్పుడే చూసుకోండి. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తే ‘ఫైల్ సిస్టమ్’ అన్నచోట ఉంటుంది. మ్యాక్‌లో అయితే ‘గెట్ ఇన్ఫో’లో కనబడుతుంది.

ఇంకో మాట. 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనబడితే మిగతాది చెత్త తినేసిందనుకోకండి. కొన్న రోజునా అది అంతే. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1,024తో కాబట్టి ఆ తేడా.

చెయ్యి పెట్టే ముందు మూడు జాగ్రత్తలు

1. కాపీ తియ్యండి. ఆ డిస్కులో మీకు కావలసినవాటికి ఇంకో చోట కాపీ ఉందా? ‘ఉండే ఉంటుంది’ అనే జవాబు చెల్లదు. తెరిచి చూడండి. లేకపోతే ముందు ఆ పని చెయ్యండి. 25 ఎంబీ ఫోటోలు 4,000 ఉంటే 100 జీబీ అవుతుంది. టైం పడుతుంది, పట్టనివ్వండి.

2. చెవి పెట్టి వినండి. డిస్కు టిక్కు టిక్కుమని కొడుతోందా? తగిలించిన ప్రతిసారీ కనబడి మాయమవుతోందా? అయితే ఇది చెత్త సమస్య కాదు, డిస్కుకే జబ్బు చేసింది. చప్పుడు వస్తుంటే వెంటనే తీసేసి డేటా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి. కింద చెప్పిన మరమ్మతులేవీ దాని మీద ప్రయోగించకండి.

3. మెసేజీ రాసుకోండి. ఫోనుతో ఫోటో తీసుకున్నా చాలు. రోగం పేరు ఆ మెసేజీలోనే ఉంటుంది.

మెసేజీ ఏమంటోంది?

‘ఇంకో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది’ అంటే ఎవరో ఆ ఫైలును పట్టుకుని కూర్చున్నారు. ‘పర్మిషన్ కావాలి’, ‘యాక్సెస్ డినైడ్’ అంటే ఆ ఫైలు ఇంకో కంప్యూటర్ పేరు మీద రాసి ఉండవచ్చు. ‘లాక్ అయి ఉంది’ అంటే ఎవరో తాళం వేశారు. ‘రైట్ ప్రొటెక్టెడ్’ అంటే డిస్కు మొత్తం చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోవడం లేదు. ‘పేరు చాలా పొడుగు’ అన్నా, కళ్ళముందున్న ఫైలునే ‘ఇక్కడ లేదు’ అన్నా పేరుతో పేచీ కావచ్చు. ‘రీసైకిల్ బిన్ కరప్ట్ అయింది’ అంటే బుట్టే చిరిగింది.

కారణం తేలితే కింది మెట్లలో దానికి సంబంధించిన దగ్గరికి నేరుగా వెళ్ళండి. తేలకపోతే మొదటి మెట్టు నుంచి వరసగా రండి. తేలికైనవి ముందు పెట్టాను, గట్టివి చివర్లో పెట్టాను. మధ్యలో ఎక్కడ పని అయిపోతే అక్కడ ఆగిపోండి.

తొమ్మిది మెట్లు

1. చెత్త వేసిన ఇంటికే పంపండి. ఆ ఫైళ్ళు ఏ కంప్యూటర్లో డిలీట్ చేశారో గుర్తు తెచ్చుకోండి. డిస్కు అక్కడే తగిలించి, అక్కడి బుట్టే ఖాళీ చెయ్యండి. పర్లాకిమిడి మ్యాక్‌లో పడింది పర్లాకిమిడిలోనే తేలిగ్గా పోతుంది. డిస్కు తగిలించకుండా ట్రాష్ ఖాళీ చేస్తే డిస్కులోది పోదు, అది మాత్రం మరవకండి.

2. పట్టుకున్న చేతిని విడిపించండి. ఫోటో, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూసెయ్యండి. ఫోల్డర్ పక్కన ఫైలు బొమ్మ చూపించే ప్రివ్యూ కిటికీ కూడా మూసెయ్యండి, ఒక్కోసారి పట్టుకునేది అదే. యాంటీవైరస్ ఆ డిస్కును తనిఖీ చేస్తుంటే అయ్యేదాకా ఆగండి. ఇంకా పోకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మరేదీ తెరవకముందే బిన్ ఖాళీ చెయ్యండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గరే తేలిపోయాయి.

3. కొంచెం కొంచెంగా తియ్యండి. పది వేల ఫైళ్ళను ఒక్క ఊపులో ఖాళీ చెయ్యబోతే ఒక్క మొండి ఫైలు అందరినీ ఆపేస్తుంది. బిన్ తెరిచి ఒక్కో ఫోల్డర్ విడివిడిగా తియ్యండి. మ్యాక్‌లో అయితే ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ‘డిలీట్ ఇమ్మీడియట్లీ’ ఎంచుకోండి. బియ్యంలో రాయి ఏరినట్టు చివరికి ఆ ఒక్కటీ చేతికి చిక్కుతుంది. ఇక మిగిలిన మెట్లు దాని ఒక్కదాని కోసమే.

4. తాళం తియ్యండి. విండోస్‌లో ఆ ఫైలును బిన్‌లోంచి ‘రిస్టోర్’ కొట్టి బయటికి తెచ్చి, ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ దగ్గర టిక్కు తీసి, మళ్ళీ డిలీట్ కొట్టండి. మ్యాక్‌లో ‘గెట్ ఇన్ఫో’ తెరిచి ‘లాక్డ్’ టిక్కు తియ్యండి. తాళాలు చాలా ఉంటే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ‘ఎంప్టీ ట్రాష్’ కొట్టండి, తాళం వేసినవీ పోతాయి. ‘రైట్ ప్రొటెక్టెడ్’ అంటున్నది మెమరీ కార్డు అయితే దాని అంచున ఉన్న చిన్న మీట చూడండి. అది కిందికి జరిగి ఉంటే పైకి నెట్టండి.

5. పేరు కుదించండి. విండోస్‌లో చాలా చోట్ల ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిపి 260 అక్షరాలు దాటకూడదు. పెళ్ళికొడుకు ఇంటిపేరు, పెళ్ళికూతురి ఇంటిపేరు, ఊరు, తేదీ, ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ అసలుది’ అని ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఎన్ని అక్షరాలవుతాయి? బయటికి తెచ్చి, పై ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరునూ ఒకటి రెండు అక్షరాలకి కుదించండి. అప్పుడు పోతుంది. ఫైలు పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్నా విండోస్ తడబడుతుంది. ఆ పేరు పెట్టింది మ్యాక్ అయితే మ్యాక్‌లోనే మార్చడం సుళువు.

6. డిస్కును తనిఖీ చేయించండి. విండోస్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ‘టూల్స్’కి వెళ్ళి, ‘ఎర్రర్ చెకింగ్’ కింద ‘చెక్’ నొక్కండి. మ్యాక్‌లో ‘డిస్క్ యుటిలిటీ’ తెరిచి ‘ఫస్ట్ ఎయిడ్’ నడపండి. పెద్ద డిస్కుకి చాలాసేపు పట్టవచ్చు. నడుస్తుండగా వైరు పీకకండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్‌లో పెట్టి మొదలుపెట్టండి. ఈ మెట్టు డిస్కులోని లెక్కల పుస్తకాన్ని దిద్దుతుంది, అందుకే కాపీ లేకుండా దీన్ని ఎక్కవద్దు.

7. యజమాని పేరు మార్చండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో పాత కంప్యూటర్ పేరు మీదున్న ఫైలు కొత్త కంప్యూటర్ మాట వినదు. ప్రాపర్టీస్‌లో ‘సెక్యూరిటీ’, అందులో ‘అడ్వాన్స్‌డ్’, అక్కడ ‘ఓనర్’ పక్కన ‘ఛేంజ్’ నొక్కి మీ పేరు పెట్టండి. మ్యాక్ డిస్కు అయితే ‘గెట్ ఇన్ఫో’ అడుగున ‘ఇగ్నోర్ ఓనర్‌షిప్’ టిక్కు పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ యాజమాన్యం గొడవే ఉండదు.

8. బుట్టనే తీసి పారెయ్యండి. అవతలివాళ్ళ చెత్త అయితే ముందు దాన్ని కళ్ళతో చూడాలి. విండోస్‌లో ‘వ్యూ’లో ‘హిడెన్ ఐటమ్స్’ పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్ డిస్కులో మ్యాక్ వదిలిన ట్రాషెస్ ఫోల్డర్ కనబడుతుంది. షిఫ్ట్ నొక్కి డిలీట్ కొడితే నేరుగా పోతుంది. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కితే విండోస్ వదిలిన బుట్ట కనబడుతుంది.

మీ విండోస్ బుట్టే చిరిగిపోయి ఉంటే, ‘ఖాళీ చెయ్యమంటారా’ అని విండోసే అడుగుతుంది. ఒప్పుకోండి. అప్పటికీ లొంగకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఫోనులో చెప్పినట్టు చెబుతాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. ఆర్, డీ. ఖాళీ. స్లాష్, ఎస్. ఖాళీ. స్లాష్, క్యూ. ఖాళీ. తర్వాత డిస్కు అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, డాలర్ గుర్తు, రీసైకిల్, చుక్క, బిన్. ఈ చివరి ముక్కలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు.

ఎంటర్ నొక్కే ముందు మూడుసార్లు చదవండి. డిస్కు అక్షరం తప్పితే ఇంకో డిస్కు బుట్ట పోతుంది. డాలర్ గుర్తు నుంచి ఉన్నదంతా కొట్టడం మరిచిపోతే డిస్కు మొత్తం పోతుంది. మధ్యలో ఆపి ‘నిజంగానా?’ అని అడిగేవాళ్ళు ఇక్కడ ఉండరు. చెయ్యి వణుకుతుంటే ఈ మెట్టు రేపు పొద్దున ఎక్కండి.

9. అన్నీ అయ్యాక ఫార్మాట్. కావలసినవన్నీ వేరే డిస్కులోకి తెచ్చుకోండి. రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయేమో చూడండి. అక్కడో ఫోటో ఇక్కడో వీడియో పదింటిని తెరిచి చూడండి. అప్పుడు ఫార్మాట్ కొట్టండి. విండోస్ ఒక్కటే వాడేవాళ్ళయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ ఒక్కటే అయితే ఏపీఎఫ్‌ఎస్, అటూ ఇటూ తిరిగేదయితే ఎక్స్‌ఫ్యాట్. తొమ్మిదో మెట్టు మీదికి నడిచి వచ్చి ఫార్మాట్ కొట్టడం వేరు, మొదటి నిమిషంలో చిరాకుతో కొట్టడం వేరు. తొమ్మిదో మెట్టు మీద ఏం పోతోందో మీకు తెలుసు.

ఎక్కువమంది చేసే తప్పులు

ఒకే బటన్ పదిసార్లు నొక్కడం. లిఫ్టు రాకపోతే పదిసార్లు నొక్కినా ఫలితం ఉండదు కదా? రెండోసారి కూడా అక్కడే ఆగిందంటే మూడోసారీ అక్కడే ఆగుతుంది. చెయ్యి తీసి మెసేజీ చదవండి.

దొరికిన ‘క్లీనర్’ సాఫ్ట్‌వేరల్లా ఎక్కించడం. బలవంతంగా డిలీట్ చేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని వైరస్‌ను వెంటబెట్టుకొస్తాయి. పై మెట్లన్నిటికీ కంప్యూటర్లో ఇప్పటికే ఉన్న సరంజామా చాలు.

ఎజెక్ట్ చెయ్యకుండా వైరు పీకడం. నా దృష్టిలో డిస్కు లెక్కలు చెడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. కాపీ మధ్యలో కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో స్తంభాలు వరసగా కూలి, ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యూపీఎస్ లేని కంప్యూటర్లో అలాంటి సమయంలో కాపీ నడుస్తుంటే ఏమవుతుంది? కరణంగారు పద్దు సగం రాస్తుండగా పుస్తకం లాక్కున్నట్టే. ఫైలు పేరు రాసి ఉంటుంది, ఫైలు ఉండదు. లేదా ఫైలు ఉంటుంది, పద్దు ఉండదు. తర్వాత దాన్ని చెరపబోతే డిస్కుకి లెక్క కుదరదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి చాలాసార్లు కోలుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ చిట్టా లేదు. సరిహద్దు దాటే సదుపాయం ఇచ్చే డిస్కే అజాగ్రత్తకి ఎక్కువ దెబ్బ తింటుంది. తుపాను మన చేతిలో లేదు. వైరు మన చేతిలోనే ఉంది.

మళ్ళీ కనబడిందని భయపడటం. బుట్ట తీసేసిన కాసేపటికి అదే పేరుతో దాపరికపు ఫోల్డర్ మళ్ళీ కనబడుతుంది. వైరస్ కాదు, విండోస్ కొత్త బుట్ట పెట్టుకుంది. అలాగే మ్యాక్‌కి తగిలించిన ఎక్స్‌ఫ్యాట్ డిస్కులో చుక్కా అడ్డగీతతో మొదలయ్యే బుల్లి ఫైళ్ళు పుడుతుంటాయి. వాటిని వెంటాడి సమయం పోగొట్టుకోకండి, అవి తినే చోటు చాలా తక్కువ.

పెన్‌డ్రైవ్‌నీ హార్డ్ డిస్కునీ ఒకటే అనుకోవడం. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో తీసింది విండోస్ బుట్టలోకి వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌లో తీసింది మామూలుగా బుట్టలోకి రాదు, అక్కడికక్కడే పోతుంది. ఒక బడిలో టీచరమ్మ పిల్లల వార్షికోత్సవం వీడియోలున్న పెన్‌డ్రైవ్‌లో చోటు కోసం ఒక ఫోల్డర్ తీసేశారనుకోండి. ‘బిన్‌లో ఉంటుందిలే’ అని సాయంత్రం వెతికితే దొరకదు. అలా జరిగితే ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ ఎక్కించకుండా పక్కన పెట్టి, రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. కొత్తది రాయనంతవరకు పాతది దొరికే ఆశ ఉంటుంది.

రేపటి నుంచి ఐదు అలవాట్లు

1. ఎజెక్ట్ చెయ్యనిదే వైరు ముట్టుకోకండి. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి మొట్టమొదట నేర్పాల్సిన పని కూడా ఇదే.

2. డిస్కు ఇంకొకరికి ఇచ్చే ముందు మీ బుట్ట ఖాళీ చెయ్యండి. తిరిగి తీసుకునేటప్పుడు వాళ్ళ బుట్ట వాళ్ళనే ఖాళీ చెయ్యమనండి. అరువు తెచ్చుకున్న గిన్నె కడిగి ఇచ్చే మర్యాద ఇది.

3. ఫోల్డర్లకి పొట్టి పేర్లు పెట్టండి. ఏడాది, నెల, తేదీ, ఇంటిపేరు. అంతకంటే అక్కర్లేదు.

4. నెలకోసారి డిస్కు ఆరోగ్యం చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ‘గుడ్’ అంటే సరే. ‘కాషన్’ అంటే ఆ రోజే కాపీ తీసి కొత్త డిస్కు కొనండి.

5. తీసేసే పనికి ఒక పగలు కేటాయించండి. ముహూర్తం ముందు రాత్రి ఏదీ తియ్యకండి.

ఈ ఐదో అలవాటు గురించి ఇంకొంచెం చెప్పాలి.

మొదట్లో చెప్పిన స్టూడియో లాంటిదే ఇంకోటి ఊహించండి. ఆల్బమ్ ఇచ్చేసి ఏడాది దాటిన పెళ్ళి ఒకటి. యజమాని ఆ ఫోల్డర్ తీసేశాడు, బుట్టలో ఇరుక్కుని పోలేదు. పనుల్లో పడి వదిలేశాడు. ఒకరోజు ఆ పెళ్ళికొడుకు గుమ్మం ముందు నిలబడ్డాడు. వాళ్ళమ్మ పోయింది. పెద్దకర్మకి పటం కట్టించాలి. ఆవిడ ఎప్పుడూ ఫోటోకి నిలబడే మనిషి కాదు. పెళ్ళిరోజు నీలమణి దుర్గమ్మ గుడి ముందు, కొడుకూ కోడలూ మెట్లెక్కుతుంటే పక్కన కొంగు సర్దుకుంటూ నవ్వింది. అది ఆల్బమ్‌లోకి ఎక్కలేదు. ఎవరి కళ్ళూ మూసుకోని ఫోటోలే ఆల్బమ్‌లోకి వెళ్ళాయి, ఈ ఫోటోలో పెళ్ళికూతురి కళ్ళు మూసుకుపోయాయి. “ఉందేటి బాబూ?” అని అడుగుతాడు. ఆ యజమాని ఏం చేస్తాడు? బుట్ట తెరుస్తాడు. రిస్టోర్ కొడతాడు.

ఆ రోజు ఆ ఫోటో బతికింది ఒక మొండి ఫైలు పుణ్యాన. ప్రతిసారీ అలా జరగదు. కాబట్టి తీసేసే ముందు పగటి వెలుతురులో కూర్చుని ఒక్కసారి లోపలికి చూడండి. పెద్దవాళ్ళున్న ఫోటోలు విడిగా ఒక ఫోల్డర్లో పెట్టండి. పెళ్ళికి పదో ఇరవయ్యో అవుతాయి. 25 ఎంబీ చొప్పున ఇరవై ఫోటోలంటే 500 ఎంబీ, అర జీబీ. 1 టీబీ డిస్కులో అదెంత? మిగతావి ధైర్యంగా తీసెయ్యండి. అప్పుడు ‘ఖాళీ చెయ్యమంటారా?’ అని కంప్యూటర్ అడిగితే, చెయ్యి వణక్కుండా అవునని నొక్కగలరు.

ఇక ఈ పుస్తకం కాసేపు పక్కన పెట్టండి. మీ డిస్కు తెచ్చి తగిలించండి. ఇవాళ ఏదీ తియ్యొద్దు. మూడే పనులు: అది ఏ ఫార్మాట్‌లో ఉందో ఒక చీటీ మీద రాసి డిస్కుకి అతికించండి, ముఖ్యమైనవాటికి కాపీ ఉందో లేదో తెరిచి చూడండి, ఎజెక్ట్ చేసి వైరు తియ్యండి. పది నిమిషాలు చాలు. మాఘం వచ్చేసరికి ఆ పది నిమిషాలు మీకు ఒక రాత్రి నిద్రను మిగులుస్తాయి.